ఆశ్లేష పిల్లకు అత్త

ధర్మవరంలో ఓబుళమ్మ ఇల్లెక్కడని అడిగితే, వీధి మొదట్లో టీ అంగడి పెట్టుకున్నాయన చెయ్యెత్తి చూపించడు. "రవ్వంత సేపు నిలబడప్పా, వినిపిస్తాది" అంటాడు. ఆ వీధిలో మగ్గం చప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆ చప్పుడును దాటుకుని బయటికొచ్చే గొంతు మాత్రం ఓబుళమ్మ ఒక్కదానిదే.

ఆ గొంతు ఆమెకు పుట్టుకతో రాలేదు. పుట్టింది కొత్తచెరువు పక్కన ఒక మెట్ట పల్లెలో. వాన పడితే శనక్కాయ పంట, పడకపోతే కూలి. తల్లీతండ్రీ తొందరగా పోతే అన్న ఈరప్పే పెంచి, ధర్మవరం నేతగాడికిచ్చి పెండ్లి చేశాడు. కొడుకు మంజునాథ్ ఇంకా బడిలో చేరకముందే ఆ మొగుడు జ్వరమొచ్చి కన్నుమూశాడు. ఆ ఇంట్లో అంతవరకూ ఆడవాళ్ళు పట్టునూలు కండెలు చుట్టినవాళ్ళే గాని, మగ్గం గుంతలోకి కాలు దించి నేసినవాళ్ళు లేరు. కర్మాంతరాలు అయిన మరుసటి వారమే ఓబుళమ్మ కాలు దించింది.

"మొగుడు పోయినామె నేసిన చీర పెండ్లికూతురు ఎట్ల కట్టుకుంటాదమ్మా?" అని పక్కింటామె మెల్లగా అడిగింది.

"నేను నేసినానని చీర చెప్పదులే" అంది ఓబుళమ్మ. ఆ రోజు మొదలైంది ఆ గొంతు.

అట్లా నేసి నేసి కొడుకును పెద్ద చేసింది. మంజునాథ్ నెమ్మదస్తుడు, మంచి పనివాడు. ముప్పై దాటినా పెండ్లి కాలేదు. ఇప్పటి కాలంలో మగ్గం మీద కూర్చునేవాడికి పిల్లనెవరిస్తారు? బెంగుళూరులో క్యాబు తోలేవాడైనా సరే, మగ్గం మాత్రం వద్దంటున్నారు ఆడపిల్లల తండ్రులు. చూసిచూసి ఓబుళమ్మ అడగడం మానేసింది.

ఒకసారి హిందూపురంలో పెండ్లివారికి చీర ఇచ్చి రావడానికి తానే బస్సెక్కి పోయింది. చీర చూసుకున్నాక ఆ ఇంటావిడ, కొంగుకు కుచ్చులు కట్టించాలని బజారులో ఒక చిన్న కుట్టు అంగడికి తీసుకుపోయింది. అక్కడ కూర్చుని కుచ్చులు కడుతున్న పిల్ల పేరు నీలావతి. ఊరు పరిగి. వేళ్ళు ఎంత చురుగ్గా ఆడుతున్నాయో, కళ్ళు అంత నెమ్మదిగా ఉన్నాయి. చీర అందుకోగానే అంచు మీద వేలు పెట్టి రాసి, "ఇది నేసినోళ్ళు కోపంలో నేసినట్టుండారు. మగ్గం దెబ్బ చానా గట్టిగా పడిండాది" అంది.

ఓబుళమ్మ పక్కున నవ్వింది. నిజమే మరి. ఆ వారమంతా ఆమె జరీ అంగడివాడితో జగడంలో ఉంది.

మాటల్లో మాటగా, "పెండ్లి కాలేదా పాపా?" అని అడిగింది.

నీలావతి తలెత్తకుండా, ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన మాటలాగా చెప్పింది. "నాది ఆశ్లేష నక్షత్రమమ్మా. అత్తకు గండమంట. అందుకని మా నాయన అత్త లేని ఇల్లు వెతుకుతాండాడు."

"అంటే?"

"పెండ్లికొడుక్కి అమ్మ ఉండకూడదు. చచ్చిపోయిండల్ల."

ఈ పిల్ల బతుకు మొదలు కావడానికి ఎవరి తల్లో ముందే చచ్చిపోయి ఉండాలా? బస్సులో పెనుకొండ దాటేవరకూ ఓబుళమ్మను అదే తొలిచింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే కొడుకుతో, "ఒరే మంజూ, నీకు పిల్లను చూసినా. నేను చావకముందే చేసుకుంటావా, చచ్చినాక చేసుకుంటావా?" అంది.

పిల్ల మంజునాథ్‌కు నచ్చింది. నచ్చనిది మేనమామ ఈరప్పకు. మొగుడు పోయినప్పుడు ఆ ఇంటికి బియ్యం మోసినవాడు ఈరప్ప. ఆయన మాటంటే ఓబుళమ్మకు బరువే. అందుకే, "పెనుకొండ సామి దగ్గరికి పోదాం రా, ఆయనేం చెప్తే అది" అని ఆయనంటే కాదనలేకపోయింది.

ఆ స్వామి ఇల్లు కొండ కింద, కోటగోడకు దగ్గర్లో. పెద్దాయన, నిదానస్తుడు. ఒక చేతిలో పంచాంగం, ఒక చేతిలో ఫోను పెట్టుకుని రెండూ సరిచూసుకుని చెప్తాడు. నీలావతి పుట్టిన వివరాలు చూసి, "ఆశ్లేష మూడో పాదం" అన్నాడు. "ప్రతి నక్షత్రానికీ ఒక గుర్తుంటాదమ్మా. అశ్వినికి గుర్రం తల, మృగశిరకు జింక తల, హస్తకు అరచెయ్యి. ఆశ్లేషకు చుట్ట చుట్టుకున్న పాము. అధిదేవత కూడా సర్పమే."

"నాగుల చవితికి మేం పాలు పోసే పామే గదా సామీ?"

"అదే."

"పుట్టలో ఉంటే పాలు పోయల్ల, కోడలై వస్తే పారిపోవల్లనా? ఇదేం న్యాయం?"

ఈరప్ప, "గమ్మునుండు ఓబుళమ్మా" అని గదిమాడు. ఆమె గమ్మునుండలేదు. "నాది ఏ నక్షత్రం సామీ?" అంది.

"జాతకం రాయించినారా?"

"జాతకమా! శనక్కాయ పీకే దినాల్లో పుట్టినానని మా అవ్వ చెప్పింది. అంతే."

"అట్లయితే పేరును బట్టి చూస్తాం. ఓ, వా, వీ, వూ... ఓబుళమ్మ. రోహిణి. దాని గుర్తు బండి."

"బండినా! సరిగ్గా ఉండాది. ఇన్నేండ్లూ నేను లాగింది అదే." ఆమె ముందుకు వంగింది. "బండి మీద పామెక్కితే బండికేమైతాది సామీ? పాము ఊరు చేరుతాది, అంతే గదా."

స్వామి నవ్వాపుకుని, పంచాంగం మూసి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు: "ఒక మాట చెప్తా వినమ్మా. సంస్కృతంలో ఆశ్లేషమంటే కౌగిలింత. పాము చుట్టుకున్నట్టు గట్టిగా చుట్టుకునేది. చుట్టుకునేది విషమైనా కావచ్చు, విడవలేని ప్రేమైనా కావచ్చు. పెద్దలు రెండూ చెప్పినారు. జనం ఒకదాన్నే పట్టుకున్నారు. ఏదైనా, మీ అన్నకు భయముంటే శాంతి చేయించుకోండి. తప్పేం లేదు."

"చేయిద్దాం" అన్నాడు ఈరప్ప వెంటనే. కొంచెం దారి దొరికినట్టు ఆయన ముఖం తేటపడింది.

"వద్దు" అంది ఓబుళమ్మ. "ఆ పిల్లను పీట మీద కూచోబెట్టి, నీలో దోషముండాదని పదిమందిలో చెప్పి, నెత్తిన నీళ్ళు పోస్తారు. నా ఇంటికొచ్చే పిల్లకు మొదటి మర్యాద అదేనా? నేను ఒప్పుకోను."

ఈరప్ప లేచి నిలబడ్డాడు. "ఈ పెండ్లి చేస్తే నేను రాను. రేపు నీకేమన్నా అయితే నా గడప తొక్కొద్దు."

"నాకేమన్నా అయితే నీ గడప ఎట్ల తొక్కుతానన్నా?" అంది ఆమె. స్వామి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఈరప్పకు నవ్వు రాలేదు.

పెండ్లి పరిగిలో నీలావతి తండ్రి నరసప్ప ఇంటి ముందరే జరిగింది. ఈరప్ప రాలేదు. తాళి కట్టేముందు కూడా నరసప్ప వచ్చి, "అక్కా, ఇంకోసారి ఆలోచన చెయ్. రేపేమన్నా అయితే నా బిడ్డనే అంటారు" అన్నాడు. "తాళి తెప్పించప్పా, ఎండ పొడుస్తాండాది" అంది ఓబుళమ్మ.

ఊరి నోళ్ళను గెలిచాననుకుంది. అసలు జగడం ఇంట్లోనే మొదలవుతుందని ఆమెకు తెలీదు.

నీలావతి భయపడుతోంది. దోషం ఉందని ఊరికంటే ఎక్కువ నమ్మింది ఆ పిల్లే. పొద్దున లేస్తూనే అత్త మంచం దగ్గరికొచ్చి ఊపిరి ఆడుతోందా అని చూసేది. సంగటి వడ్డించి, మొదటి ముద్ద గొంతు దిగేదాకా రెప్ప వెయ్యకుండా నిలబడేది. ఓబుళమ్మకు పొరపోతే చాలు, ఆ పిల్ల ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయేది. చలికాలంలో ఓబుళమ్మకు దగ్గు పట్టుకుంది. ఇంట్లో దగ్గితే కోడలు వణికిపోతోందని, దగ్గొచ్చినప్పుడల్లా లేచి వీధి చివర టీ అంగడికి పోయి దగ్గి వచ్చేది. "ఏమ్మా ఓబుళమ్మా, నీ ఇంట్లో దగ్గుకు కూడా చోటు లేదా?" అని టీ అంగడాయన నవ్వేవాడు. "కొత్తకోడలప్పా, అత్తను నేను, కొంచెం భయపడల్ల గదా" అని దబాయించేది. మనసులో మాత్రం ముల్లు గుచ్చుకునేది.

ఆ ఏడు వానలు మొదలైన నెలలో జరిగింది. మంజునాథ్ చీరలివ్వడానికి బయటికి పోయాడు. మగ్గం పైన, అంచు డిజైను నడిపే జకార్డు పెట్టెలో అట్టలు చిక్కుకున్నాయి. వాడు వచ్చేదాకా ఆగమని నీలావతి ఎంత చెప్పినా వినకుండా, ఓబుళమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎక్కింది. పాత కుర్చీ. కాళ్ళు నాలుగు పక్కలకూ చాపుకుంది. ఓబుళమ్మ గుంత అంచు మీద పడింది. తొడ ఎముక విరిగింది.

ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టిన దినమే ఈరప్ప వచ్చాడు. చెల్లెల్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తుడుచుకుని, వాకిట్లో నిలబడిన నలుగురూ వినేటట్టే అన్నాడు: "నేను చెప్పలేదా? ఇప్పటికైనా ఆ పిల్లను వాళ్ళ నాయనింటికి పంపించు. నువ్వు లేసి తిరిగినాక చూద్దాం."

"నన్ను పాము కరవలేదన్నా. కుర్చీ ఇరిగింది. కావాలంటే ఆ కుర్చీని పంపించు."

"నీకు అన్నీ పరాచికాలే."

ఓబుళమ్మ మోచేతి మీద లేవబోయి, నొప్పికి పళ్ళు బిగబట్టి, అట్లే పడుకుని అంది: "అయితే పరాచికం లేకుండా అడుగుతా. నా పెండ్లికి జాతకం లేకపోయినా పేర్లు చూపించినావు. అన్ని పొంతనలూ కుదిరినాయి, దివ్యంగా ఉండాదని నువ్వే వచ్చి చెప్పినావు. మరి ఆయప్ప ఎందుకు పోయినాడన్నా? అప్పుడు ఏ పాముండె మా ఇంట్లో?"

ఆ సంబంధం చూసిందీ, ఆ శవాన్ని మోసిందీ ఈరప్పే. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అన్నను అంత మాట అన్నందుకు ఓబుళమ్మకు ఆ సాయంత్రమంతా ఏమీ తినబుద్ధి కాలేదు.

కుట్లు ఇప్పేదాకా నీలావతి ఉంది. ఒళ్ళు తుడిచింది, బట్టలు మార్చింది, అన్నీ చూసుకుంది. కుట్లు ఇప్పిన మరుసటి పొద్దున, సంచి సర్దుకుని పరిగికి వెళ్ళిపోయింది. చెప్పి పోలేదు. పొయ్యి పక్కన అత్తకు వంట చేసి, మూత పెట్టి పోయింది.

మంజునాథ్ తల గోక్కుంటూ, "కొన్నాళ్ళు ఆడనే ఉండనీలే మా. నీకు నయమైనాక పిలుచుకొస్తా" అన్నాడు.

"నువ్వు కూడానా?" అంది ఓబుళమ్మ. ఆ రెండు మాటలకే వాడు తల దించుకున్నాడు. "పో, వ్యాను మాట్లాడుకుని రా. నేను పోతా."

"డాక్టరు కదలొద్దన్నాడు!"

"డాక్టరుకు కోడలుందేమో అడుగు."

వ్యాను వెనక సీట్లో పరుపేసి, ఆమెను పడుకోబెట్టి తీసుకుపోయారు. గుంత వచ్చినప్పుడల్లా కళ్ళముందు చుక్కలు కనిపించాయి. పెనుకొండ దగ్గర కొడుకు, "వెనక్కి తిప్పుదామా?" అన్నాడు. ఆమె కిటికీ చువ్వను ఇంకా గట్టిగా పట్టుకుని, "పోనియ్" అంది.

పరిగిలో నరసప్ప ఇంటి ముందు వ్యాను ఆగేసరికి ఇరుగూపొరుగూ మూగారు. ఓబుళమ్మ దిగలేదు, దిగే స్థితిలోనూ లేదు. తలుపు తీయించి, పడుకునే కేకేసింది. "నీలా! బయటికి రా!"

నీలావతి వచ్చింది. అత్తను ఆ పరుపు మీద చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంటికి వచ్చినావు చెప్పకుండా?"

"నేనుంటే మీరు బతకరత్తా."

"నా చావు నాది పాపా. ఆకాశంలో యాడో ఉండే చుక్కకు నేను రాసియ్యలేదు. ఇంటికి పద."

ఓబుళమ్మ అనుకుంది, ఈ మాటతో పిల్ల ఏడ్చి వ్యానెక్కుతుందని. నీలావతి ఏడవలేదు. పెండ్లయిన ఇన్నాళ్ళకు మొదటిసారి గొంతెత్తింది.

"మీకేమత్తా, మీరు మాట్లాడేస్తారు! అందరితో జగడమాడి గెలుస్తారు. మీరు పోతే మొండిగా, నవ్వుకుంటా పోతారు. మిగిలేది నేను గదా! మింగేసిందని నన్ను గదా అనేది! చిన్నప్పట్నుంచీ పెండ్లిండ్లలో నన్ను చూసి పక్కకు జరిగేది చూసినా. మీరు పోయినాక ఆ చూపులు ఎవరు పడతారు? మీ ధైర్యం మీకు. నాకేం మిగులుతాది?"

ఓబుళమ్మ తన బతుకులో ఎదుటివాళ్ళ మాటకు జవాబు లేకుండా ఉండిపోయింది ఆ ఒక్కసారే. ఇన్నాళ్ళూ తాను జగడమాడింది తన పంతం కోసమే గదా అనిపించింది. ఆ పిల్ల నెత్తిన పడేదాన్ని గురించి ఒక్క దినమన్నా తలచుకుందా?

"నిజమే పాపా" అంది. "ఆ మాట నాకు తోచలేదు." కొడుకు వైపు తిరిగింది. "మంజూ, ఫోను తియ్. నా ముఖం కనపడేటట్టు పట్టుకో. నన్ను లేపి కూచోబెట్టండి."

నరసప్పా మంజునాథూ చెరో పక్కా పట్టి కూర్చోబెట్టారు. ఆమె జుట్టు సరిచేసుకుంది, కొంగు సరిచేసుకుంది, ఫోను వైపు చూసి మొదలుపెట్టింది.

"నేను ధర్మవరం ఓబుళమ్మను. ఈ వాకిట్లో ఉండేవాళ్ళందరూ సాక్షి. నా కోడలు నీలావతిది ఆశ్లేష, మూడో పాదం. అన్నీ తెలిసే తెచ్చుకున్నా. నేను ఏదో ఒక దినం చస్తా. జ్వరమొచ్చి చస్తానో, లారీ గుద్ది చస్తానో, మళ్ళీ కుర్చీ ఎక్కి చస్తానో తెలీదు. ఎట్ల చచ్చినా ఈ పిల్ల కారణం కాదు. అయిందని ఎవరన్నా అంటే వాళ్ళు నా దినానికి రావద్దు, నా పేరున పెట్టే వడ తినొద్దు. అన్నా ఈరప్పా, ఇది నీకు కూడా." ఒక్క క్షణం ఆగి, "కుర్చీ మాత్రం పారేసినాం" అంది.

ఎవరో ముందు నవ్వారు. తర్వాత వాకిలంతా నవ్వింది. నీలావతి నవ్వుతూనే ఏడ్చింది. లోపలికి పోయి సంచి తెచ్చుకుని, వ్యానులో అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది. దారిలో గుంతలొస్తే విరిగిన కాలు కదలకుండా రెండు చేతులా చుట్టి పట్టుకుంది.

మంజునాథ్ ఆ వీడియోను చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మూడోనాటికి అది ధర్మవరంలో తిరగని ఫోను లేదు. మగ్గాల దగ్గర, టీ అంగళ్ళలో, హిందూపురం బస్సులో, ఓబుళమ్మ గొంతే. కొందరు పెద్దవాళ్ళు చావు గురించి అట్లా మాట్లాడకూడదని గొణిగారు. ఈరప్ప నుంచి మాత్రం మాట లేదు.

ఓబుళమ్మ కర్ర పట్టుకుని నడిచేపాటికి మళ్ళీ చలికాలమొచ్చింది. ఈరప్ప తన మనవరాలి నిశ్చితార్థానికి మనిషిచేత పత్రిక పంపించాడు. తను రాలేదు. పత్రిక మీద మంజునాథ్ పేరుంది, ఓబుళమ్మ పేరుంది. కోడలి పేరు లేదు. ఓబుళమ్మ కోడల్ని వెంటబెట్టుకునే పోయింది.

ఆడవాళ్ళకు పసుపు కుంకుమ ఇచ్చేవేళ కుంకుమ భరిణె చేతులు మారుతూ నీలావతి దగ్గరికొచ్చింది. పక్కనున్నామె అందివ్వబోయి ఆగింది. నీలావతి దాన్ని అందుకుంటే బొట్టు పెట్టాల్సింది పెండ్లికూతురి కాబోయే అత్తకు. ఓబుళమ్మ కర్ర మీద బరువేసి లేవబోయింది. అంతలో నీలావతే చెయ్యి చాపి భరిణె తీసుకుంది.

"నాది ఆశ్లేషమ్మా. మా అత్త అదుగో, కర్ర పట్టుకుని కూచోనుండాది, చూడండి. కావాల్సినోళ్ళు బొట్టు పెట్టించుకోండి, వద్దనేవాళ్ళు వద్దనండి. నేనేమీ అనుకోను."

కాబోయే అత్త ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత నుదురు ముందుకు చాపింది. ఒకరిద్దరు లేచి అవతలికి పోయారు. వాళ్ళను ఎవరూ పిలవలేదు.

ఈరప్ప గడప దగ్గర నిలబడి అంతా చూశాడు. చెల్లెలి దగ్గరికి రాలేదు. తప్పయిందనీ అనలేదు. లోపలికి తిరిగి కేకేశాడు: "ఏయ్, ఓబుళమ్మకు నేల మీద కష్టమైతాది, కుర్చీ ఎయ్యండి." కాస్త ఆగి, "కట్టె కుర్చీలు. రెండు" అన్నాడు.

ఇప్పుడు ఓబుళమ్మకు మగ్గం మీద కూర్చునే ఓపిక లేదు. ఆ గుంతలో నీలావతి కూర్చుంటోంది. పక్కన మంచం మీద నుంచి అత్త తప్పులు పడుతుంది, కోడలు ఎదురు చెప్తుంది. ఇద్దరి గొంతులూ ఇప్పుడు టీ అంగడి దాకా వినిపిస్తున్నాయి. ఓబుళమ్మ ఇంట్లోనే, కావలసినంత సేపు దగ్గుతోంది.

పోయిన వారం ఆమడగూరు వైపు నుంచి ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వీడియో చూసి వచ్చాడట. కూతురిది మూలా నక్షత్రం, మామకు గండమని వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పోతున్నాయట. ఏం చెయ్యాలో చెప్పమని చేతులు జోడించాడు.

"నాకు ఇంకో కొడుకు లేడప్పా" అంది ఓబుళమ్మ. ఆయన ముఖం వాడిపోవడం చూసి, "మొన్న వెనక్కి పోయిన సంబంధంలో మామ కావాల్సినాయన ఎవరు? ఊరేది?" అని అడిగింది.

ఆయన చెప్పాడు.

"నీలా, నా మంచి చీర తియ్" అంది ఓబుళమ్మ, కర్ర కోసం చెయ్యి చాపుతూ. "ఆయప్పను నేను అడుగుతా, చావంటే అంత భయమా అని."

"మీరొక్కరే పోయేది లేదు" అంటూ నీలావతి మగ్గం గుంతలో నుంచి లేచింది.